పికప్ కింద తిరిగే గొట్టం ఎందుకు విరుగుతుంది?

2021 డిసెంబరులో ఫోర్డ్ కంపెనీ అమెరికాలో 1,84,000కు పైగా ఎఫ్-150 పికప్ ట్రక్కులను మరమ్మతుకు వెనక్కి పిలిచింది. లోపం ఇంజన్‌లోనూ లేదు, గేర్‌బాక్స్‌లోనూ లేదు. క్యాబిన్‌లోకి చప్పుడు రాకుండా బండి అడుగున బిగించిన ఇన్సులేషన్ పలకలు వదులై కిందికి వేలాడాయి. ఆ పక్కనే అల్యూమినియం డ్రైవ్‌షాఫ్ట్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ ఉంటుంది. పలక దానికి రాసుకుని గీతలు పడ్డాయి. కొన్ని బళ్లలో ఆ గీతల దగ్గరే షాఫ్ట్ విరిగింది. టన్నుల బరువులు లాగడానికి చేసిన లోహపు గొట్టాన్ని వదులైన పలక ఒకటి తెంపగలిగింది.

వెనక చక్రాలతో నడిచే ప్రతి ట్రక్కులోనూ గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు శక్తిని మోసుకెళ్లేది ఈ గొట్టమే. మన లారీ మెకానిక్కులు దీన్ని ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటారు. గతుకుల్లో ఇరుసు పైకీ కిందికీ ఆడుతుంటుంది, గేర్‌బాక్స్ మాత్రం ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. అందుకే రెండు చివరలా యూనివర్సల్ జాయింట్లు, ఒక్కో జాయింట్ నడుమ ప్లస్ గుర్తులా ఉండే ‘క్రాస్’. ఈ జాయింట్‌ను మోటారు వాహనానికి పనికొచ్చేలా మలిచినవాడు అమెరికన్ క్లారెన్స్ స్పైసర్. కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ గీసిన నమూనాకు 1903లో పేటెంట్ పొంది, మరుసటి ఏడాది తయారీ మొదలుపెట్టాడు. ఆ సంస్థే పెరిగి పెరిగి నేటి డానా కంపెనీ అయింది.

శక్తిమంతమైన పికప్‌ల ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది హార్స్‌పవర్. షాఫ్ట్‌కు ఆ అంకెతో పని తక్కువ. దానికి తగిలేది టార్క్, అంటే మెలితిప్పే బలం. 2021 మోడల్ రామ్ టీఆర్‌ఎక్స్ పికప్‌ను తీసుకుందాం. 6.2 లీటర్ల సూపర్‌ఛార్జ్‌డ్ ఇంజన్, 702 హార్స్‌పవర్, 881 న్యూటన్ మీటర్ల టార్క్. మొదటి గేర్ నిష్పత్తి 4.71. గుణించి చూస్తే షాఫ్ట్ వైపు వచ్చేది 4,100 న్యూటన్ మీటర్లు దాటుతుంది. బండి కదిలే క్షణంలో టార్క్ కన్వర్టర్ దాన్ని ఇంకా పెంచుతుంది. అదే ఇంజన్ అదే 702 హార్స్‌పవర్‌ను పై గేర్‌లో ఇచ్చినప్పుడు షాఫ్ట్ మీద మెలి బాగా తగ్గిపోయి వేగం పెరుగుతుంది. విరిగే ప్రమాదం తొలి అడుగులోనే ఎక్కువ.

మరి రోజూ ఎందుకు విరగడం లేదు? టైర్లు కాపాడుతున్నాయి కాబట్టి. వెనక ఇరుసు మీద 1,500 కిలోల బరువు పడిందనుకుందాం. మంచి తారు రోడ్డు మీద పట్టు గుణకం 0.9, టైరు ఎత్తు 35 అంగుళాలు, ఇరుసు నిష్పత్తి 3.55. ఈ లెక్కన వెనక షాఫ్ట్ మీద దాదాపు 1,650 న్యూటన్ మీటర్లు పడేసరికే టైర్లు జారడం మొదలవుతుంది. ఇంజన్ ఎంత ఇచ్చినా, జారుతున్న టైరు ఆపగలిగినంత మేరకే షాఫ్ట్ మెలిపడుతుంది. ఖాళీ పికప్‌కు వెనక బరువు తక్కువ కాబట్టి ఈ రక్షణ దానికి ఇంకా ఎక్కువ.

ఈ ఏర్పాటును చెడగొట్టేది యజమానే. అంటుకుపోయే రేసింగ్ టైర్లు వేస్తాడు, ట్రక్కు వెనక ఇసుక బస్తాలు వేస్తాడు, కంప్యూటర్ ట్యూనింగ్‌తో టార్క్ పెంచుతాడు. జారాల్సిన టైరు జారదు. మిగిలిన మెలి అంతా షాఫ్ట్‌కో, క్రాస్‌కో, ఇరుసుకో తగలాలి. డ్రాగ్ రేసు ట్రాకు మీద విరిగే షాఫ్ట్‌ల వెనక చాలాసార్లు ఉండేది ఇంజన్ బలంకన్నా ఈ పట్టు.

పట్టుకు ఎంత విలువ ఉందో 1991లో జీఎంసీ సైక్లోన్ చూపించింది. టర్బో వీ6 ఇంజన్, 280 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ శక్తి. ‘కార్ అండ్ డ్రైవర్’ పత్రిక పరీక్షలో పావు మైలు పందెంలో ఫెరారీ 348ను ఈ చిన్న పికప్ దాటేసింది. టార్క్‌లో 35 శాతం ముందుకు, 65 శాతం వెనక్కు వెళ్లేలా పంచడం వల్ల చక్రాలు జారలేదు. భారం కూడా ఒకే షాఫ్ట్ మీద పడకుండా రెండింటి మీదికి వెళ్లింది.

నెమ్మదిగా పెరిగే మెలికన్నా ఒక్కసారిగా తగిలే దెబ్బ ప్రమాదకరం. టైరు పట్టి, జారి, మళ్లీ పట్టే ‘వీల్ హాప్’లో ఇరుసు స్ప్రింగుల మీద ఎగిరెగిరి పడుతుంది. ప్రతి పట్టుకూ షాఫ్ట్‌కు ఒక సమ్మెటపోటు. ఎడారి ఇసుకలో ఎగిరి దూకే పికప్‌లకు ఇంకో గండం ఉంది. చక్రాలు గాలిలో ఉండగా డ్రైవరు యాక్సిలరేటర్ వదలకపోతే అవి విపరీతంగా తిరుగుతాయి. నేల తాకగానే చక్రాల వేగం ఒక్కసారిగా పడిపోతుంది. ఇంజన్, గేర్‌బాక్స్‌లలో తిరుగుతున్న బరువంతా తన ఊపును షాఫ్ట్ మీదే దించుకుంటుంది. అప్పుడు తగిలే మెలికి ఇంజన్ అసలు టార్క్‌తో సంబంధం ఉండదు. అందుకే 2023 మోడల్‌గా 700 హార్స్‌పవర్ రాప్టర్ ఆర్ పికప్‌ను తెచ్చినప్పుడు ఫోర్డ్ అందులో ఇంకా లావుపాటి అల్యూమినియం డ్రైవ్‌షాఫ్ట్ పెట్టింది.

లావు ఎందుకు? మెలి పడిన కడ్డీలో ఒత్తిడి మధ్యలో సున్నా, అంచున గరిష్ఠం. మధ్యలో ఉన్న లోహం దాదాపు పనిచేయకుండానే బరువు పెంచుతుంది. అందుకే షాఫ్ట్‌ను గొట్టంగా చేస్తారు. గోడ మందం మార్చకుండా వ్యాసాన్ని 3 అంగుళాల నుంచి 4 అంగుళాలకు పెంచితే మెలిని తట్టుకునే శక్తి దాదాపు 78 శాతం పెరుగుతుంది. అలాగని గోడను మరీ పలుచన చేస్తే గొట్టం తెగకముందే నలిగి ముడతపడుతుంది. ఒత్తిడి గరిష్ఠంగా ఉండేది పైతలం మీదే కనుక అక్కడ పడ్డ గీత చిన్నదైనా చేటే. ఎఫ్-150లో జరిగింది ఇదే. గీత కొసన ఒత్తిడి పోగుపడి పగులు పుడుతుంది. తర్వాత ప్రతి చుట్టూ, ప్రతి కుదుపూ దాన్ని కొంచెం కొంచెం పెంచుతాయి. ఇంజనీర్లు ఫెటీగ్ అనే ఈ లోహపు అలసట బయటికి కనబడదు.

ఇక వేగం సంగతి. పిల్లలు తిప్పే తాడాట తాడు మధ్యలో విల్లులా ఉబ్బుతుంది కదా, పొడవాటి షాఫ్ట్ కూడా ఒక వేగం దగ్గర అలాగే వంగిపోతుంది. దాన్నే క్రిటికల్ స్పీడ్ అంటారు. టార్క్ ఏమీ లేకపోయినా సరే, ఆ వేగంలో నిలిస్తే షాఫ్ట్ చీలిపోవచ్చు. 4 అంగుళాల వ్యాసం, 2 మిల్లీమీటర్ల గోడ, జాయింట్ల మధ్య 1.5 మీటర్లు ఉన్న ఉక్కు గొట్టానికి ఇది నిమిషానికి సుమారు 7,500 చుట్లు. పొడవు 1.8 మీటర్లయితే 5,200కు పడిపోతుంది. పొడవు రెట్టింపైతే నాలుగో వంతే మిగులుతుంది. పొడవాటి ట్రక్కుల్లో షాఫ్ట్‌ను రెండు ముక్కలుగా చేసి నడుమ సెంటర్ బేరింగ్ పెట్టేది ఇందుకే.

గంటకు 190 కిలోమీటర్ల వేగంలో టీఆర్‌ఎక్స్ షాఫ్ట్ నిమిషానికి సుమారు 4,000 చుట్లు తిరుగుతుంది. 2004లో వైపర్ కారు వీ10 ఇంజన్‌తో డాడ్జ్ రామ్ ఎస్‌ఆర్‌టీ-10 గంటకు 248.78 కిలోమీటర్లు అందుకుని పికప్‌లలో రికార్డు కొట్టింది. దాని టైర్లు, 4.10 ఇరుసు నిష్పత్తి పట్టి లెక్కగడితే అప్పుడు షాఫ్ట్ 6,700 చుట్ల దగ్గర ఉండి ఉండాలి. కంపెనీలు పెట్టే వేగ పరిమితిని తీసేయించుకునే యజమానులు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ఆ పరిమితి అనవసరపు కట్టడి కాదు, టైర్లకూ షాఫ్ట్‌కూ ప్రాణరక్షణ.

ఉక్కు బదులు అల్యూమినియం వాడితే క్రిటికల్ స్పీడ్ పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి బరువుతో పోల్చిన బిగువు రెండు లోహాలకూ దాదాపు సమానం. అదే కొలతల్లో చేస్తే పెద్ద తేడా రాదు. తేలిక కాబట్టి బరువు పెరగకుండా లావుగా చేసుకోవచ్చు, ఆ లావే లాభం. వెల్డింగ్ వేడికి మెత్తబడటం అల్యూమినియం బలహీనత. అసలు మార్పు తెచ్చేది కార్బన్ ఫైబర్. 1985లోనే ఫోర్డ్ ఎకనోలైన్ వ్యాన్లకు డానా కంపెనీ స్పైసర్ విభాగం మిశ్రమ పదార్థపు షాఫ్ట్‌లు అందించింది.

గొట్టం ఎంత గట్టిదైనా క్రాస్ సన్నదే. షాఫ్ట్ వంపు 10 డిగ్రీలుంటే జాయింట్ అవతలి వైపు వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు ఒకటిన్నర శాతం అటూ ఇటూ ఊగుతుంది. 25 డిగ్రీలకు ఆ ఊగు 10 శాతం. రెండు చివరల జాయింట్లూ ఒకే వరసలో, సమాన కోణాల్లో ఉంటే ఒకదాని ఊగును ఇంకొకటి సరిచేస్తుంది. లిఫ్ట్ కిట్ వేసి బండి ఎత్తు పెంచగానే ఈ పొందిక చెదురుతుంది. ఇది అమెరికా ట్రక్కులకే పరిమితం కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారయ్యే 360 న్యూటన్ మీటర్ల ఇసుజు వి-క్రాస్‌కూ ఇదే వర్తిస్తుంది.

షాఫ్ట్ ముందు చివర ఊడితే ఆ కొన నేలలో గుచ్చుకుని బండిని వెనక నుంచి ఎత్తేయగలదు. అందుకే అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ, స్లిక్ టైర్లతో పావు మైలును 13.99 సెకన్లలో లేదా అంతకన్నా వేగంగా దాటే బళ్లకు ముందు జాయింట్ నుంచి 6 అంగుళాల లోపు ఉక్కు వలయం తప్పనిసరి చేసింది. పికప్ బలం పెంచాలనుకునే వారు ఇంజన్‌కు ఖర్చుపెట్టే ముందు ఆ వలయానికి, కొత్త క్రాస్‌లకు, షాఫ్ట్ బ్యాలెన్సింగ్‌కు డబ్బు పక్కన పెట్టుకోవాలి. రివర్స్ గేర్ వేయగానే కింద ఠక్కుమన్నా, ఒక వేగం దగ్గర మాత్రమే బండి వణికినా, ఆ రోజే మెకానిక్‌కు చూపించండి.