దొడ్డిదారిన వచ్చే నేరాంగీకారం

వందమంది దోషులు తప్పించుకున్నా ఫరవాలేదు గానీ ఒక్క నిర్దోషికి కూడా శిక్ష పడకూడదన్న మాట తెలుగు సినిమాల్లోని కోర్టు దృశ్యాల పుణ్యమా అని దాదాపు అందరికీ కంఠతా వచ్చినదే అయినా, ఆ నిర్దోషికి శిక్ష ఏ దశలో, ఎవరి చేతిమీదుగా పడుతుందన్న ప్రశ్న మాత్రం అరుదుగా చర్చకు వస్తుంది. తప్పుడు తీర్పు అనగానే న్యాయమూర్తి పొరపాటు తలపుకు రావడం సహజమే. కానీ పైకోర్టులు కొట్టివేసిన శిక్షల తీర్పులను చదువుతూ పోతే, న్యాయమూర్తి ముందుకు వచ్చేసరికే పొరపాటు సిద్ధమై ఉన్న సందర్భాలు పదేపదే కనిపిస్తాయి. అది రూపుదిద్దుకునే చోటు పోలీస్ స్టేషన్; దాన్ని కోర్టుదాకా మోసుకొచ్చేది చాలా కేసుల్లో రెండు మూడు పేజీల కాగితం. తెలుగు రాష్ట్రాల పోలీసులు మధ్యవర్తుల నివేదిక అనీ, మిగిలిన చోట్ల పంచనామా అనీ పిలిచే ఈ కాగితానికి అంత బలం ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

పోలీసు అధికారి ఎదుట నిందితుడు చేసిన నేరాంగీకారాన్ని అతడికి వ్యతిరేకంగా రుజువు చేయరాదన్న నియమం భారతదేశంలో 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ చట్టంతో మొదలై, 1872 నాటి సాక్ష్య చట్టంలో 25, 26 సెక్షన్లుగా స్థిరపడింది. బ్రిటిష్ పాలకులకు తమ పోలీసుల మీదే ఇంత అపనమ్మకం కలగడానికి కారణాలు లేకపోలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో పన్నుల వసూలుకూ నేరం ఒప్పించడానికీ ప్రభుత్వోద్యోగులు జనాన్ని హింసిస్తున్నారన్న ఆరోపణలపై ఏర్పాటైన విచారణ సంఘం 1855లో ఇచ్చిన నివేదిక ఆ ఆరోపణలు నిజమేనని తేల్చింది. గుంటూరు, మచిలీపట్నం, కడప, బళ్లారి వంటి జిల్లాలు అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోవే కాబట్టి, ఈ నియమం వెనుక ఉన్న చేదు అనుభవంలో తెలుగువారి వాటా కూడా ఉంది.

అయితే అదే సాక్ష్య చట్టం 27వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఇచ్చింది. పోలీసుల అదుపులో ఉన్న నిందితుడు ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా విషయం కొత్తగా బయటపడితే, ఆ విషయానికి నేరుగా సంబంధించినంత మేరకు అతడి మాటలను సాక్ష్యంగా స్వీకరించవచ్చన్నది దాని సారాంశం. హతుడి నగ ఫలానా బావిలో ఉందని నిందితుడు చెప్పగా అది నిజంగానే అక్కడ దొరికితే, అతడు చెప్పింది కనీసం అంతవరకు నిజమై ఉంటుందన్న తర్కం దీనికి ఆధారం. తర్కంలో లోపం లేదు. నగ ఆ బావిలో ఉన్న సంగతి పోలీసులకు అంతకుముందే తెలియదని నమ్మకంగా చెప్పగలిగినప్పుడు మాత్రమే అది నిలుస్తుందన్నదే చిక్కు.

ఈ సెక్షన్‌కు నేటికీ ప్రామాణికంగా నిలిచిన వ్యాఖ్యానం గుంటూరు జిల్లా కేసులోనే వచ్చింది. పులుకూరి కోటయ్య కేసుగా న్యాయవాదులందరికీ పరిచితమైన ఆ హత్య కేసు గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి మద్రాసు హైకోర్టు మీదుగా, అప్పట్లో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లగా, 1946 డిసెంబర్‌లో సర్ జాన్ బోమాంట్ తీర్పు వెలువరించారు. ఈటెతో పొడిచాననీ, ఆ ఈటెను తన ఊళ్లోని ఒక పెరట్లో దాచాననీ నిందితుడు చెప్పినట్లున్న వాంగ్మూలంలో, దాచిన చోటుకు సంబంధించిన మాట మాత్రమే చెల్లుతుందని, పొడిచానన్న మాట చెల్లదని ఆయన తేల్చారు. ఈటె అనే వస్తువు ఉన్నట్లు కనిపెట్టడం వేరు, అది ఎక్కడుందో నిందితుడికి తెలుసునని కనిపెట్టడం వేరు. ఈ సెక్షన్ కింద బయటపడే విషయం రెండోది. ఆ ఈటెతోనే హత్య జరిగిందని ప్రాసిక్యూషన్ వేరే సాక్ష్యంతో నిరూపించుకోవలసిందే. చెల్లని వాంగ్మూలాలను పక్కనబెట్టి, మిగిలిన సాక్ష్యంతో శిక్షలు నిలుస్తాయో లేదో చూడమని ప్రివీ కౌన్సిల్ ఆ కేసును మద్రాసుకు తిప్పి పంపింది.

ఇంత జాగ్రత్తగా గీసిన గీత ఆచరణలో చెరిగిపోవడానికి కాగితం రాసే పద్ధతే చాలావరకు కారణం. మధ్యవర్తుల నివేదికల్లో తరచుగా ఒకే ధోరణి కనిపిస్తుంది. ఇద్దరు మధ్యవర్తుల సమక్షంలో నిందితుడు పశ్చాత్తాపంతో జరిగినదంతా చెప్పాడని, తన వెంట వస్తే వస్తువు దాచిన చోటు చూపిస్తానన్నాడని, అందరినీ తీసుకెళ్లి చూపించాడని, స్వాధీనం చేసుకున్న వస్తువుకు సీలు వేసి చీటీ అంటించగా మధ్యవర్తులు సంతకాలు చేశారని అందులో ఉంటుంది. విచారణలో అంగీకరించదగిన భాగం పేరిట చివరి రెండు మూడు వాక్యాలకే ఎగ్జిబిట్ నంబరు పడుతుంది గానీ, మొత్తం కథ ఉన్న కాగితం న్యాయమూర్తి కళ్లముందే ఉంటుంది. చదివినదాన్ని చదవనట్లు భావించుకోమని చట్టం కోరుతుంది. ముందు గుమ్మంలో ఆపేసిన నేరాంగీకారం ఆ విధంగా దొడ్డిదారిన కోర్టు లోపలికి వస్తుంది.

ఈ ప్రమాదం సుప్రీంకోర్టుకు తెలియనిది కాదు. స్వతంత్రులైన ఇద్దరు సాక్షులను ముందుగా పిలిపించి, వారి ఎదుటే నిందితుడు తన సొంత మాటల్లో చెప్పినదాన్ని నమోదు చేసి, ఆ తరువాతే అందరూ కలిసి వస్తువు ఉన్న చోటుకు బయలుదేరాలని, ఆ సాక్షులు కోర్టులో సంతకం తమదేనని చెబితే చాలదని, ఏం విన్నారో ఏం చూశారో కూడా చెప్పాలని 2022లో సుబ్రహ్మణ్య, రామానంద్ కేసుల్లో స్పష్టం చేసింది. రామానంద్ కేసులో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఉరిశిక్ష ఖైదీ నిర్దోషిగా బయటపడ్డాడు. అయినా పోలీసులు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చే మధ్యవర్తికి, అందులోనూ అతడు ప్రభుత్వోద్యోగి అయినప్పుడు, ఎంత స్వతంత్రత ఉంటుందన్నది ఎవరి ఊహకైనా అందే విషయమే.

విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబర్ 27 తెల్లవారేసరికి ఒక ప్రైవేటు హాస్టల్‌లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురై కనిపించిన కేసు, దర్యాప్తు మీద ఒత్తిడి పెరిగినప్పుడు ఏమవుతుందో చెప్పే ఉదాహరణగా తెలుగు పాఠకులకు బాగా గుర్తున్నదే. నెలల తరబడి ఆందోళనలు సాగిన తరువాత 2008 ఆగస్టులో పోలీసులు ఒక నిరుపేద యువకుడిని అరెస్టు చేసి, నేరం ఒప్పుకున్నాడని ప్రకటించారు. అసలు దోషి ఇతడు కాదని ఆ అమ్మాయి తల్లిదండ్రులే మొదటినుంచీ చెబుతూ వచ్చినా, 2010 సెప్టెంబర్‌లో విజయవాడ ప్రత్యేక మహిళా సెషన్స్ కోర్టు అతడికి యావజ్జీవ శిక్ష విధించింది. 2017 మార్చి 31న హైదరాబాద్ హైకోర్టు ఆ తీర్పును రద్దు చేసి, అతడిని నిర్దోషిగా విడుదల చేస్తూ, లక్ష రూపాయలు చెల్లించాలని, దర్యాప్తు చేసిన అధికారుల మీద చర్య తీసుకోవాలని ఆదేశించింది. అప్పటికి అతడు జైలులో ఎనిమిదేళ్లకు పైగా గడిపాడు.

తరువాత జరిగినది అంతకంటే ఆలోచింపజేస్తుంది. 2018లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించేనాటికి, విచారణ కోర్టులో భద్రంగా ఉండవలసిన సాక్ష్య వస్తువులు అప్పీలు తేలకముందే ధ్వంసమైపోయాయని బయటపడింది. హత్య జరిగిన పన్నెండేళ్లకు, 2019 డిసెంబర్‌లో, మృతదేహాన్ని వెలికితీసి మళ్లీ పోస్టుమార్టం చేయవలసి వచ్చింది. నిర్దోషి హక్కుల మాట ఎత్తితే బాధితుల గోడు పట్టదా అని అడిగేవారు ఈ సంగతిని గమనించవలసి ఉంటుంది. దోషిగా ఎవరో ఒకరిని నిలబెట్టిన క్షణంలోనే దర్యాప్తు ఆగిపోతుంది కాబట్టి, తప్పుడు శిక్షలో ఖైదీ తరువాత ఎక్కువగా నష్టపోయేది బాధిత కుటుంబమే.

ఉరిశిక్షల దాకా వెళ్లిన కేసుల్లోనూ ఇదే జాడ కనిపిస్తుంది. మహారాష్ట్రలోని నాసిక్ దగ్గర 2003లో ఒక కుటుంబంపై జరిగిన దాడి, హత్యల కేసులో సంచార జాతికి చెందిన ఆరుగురికి సుప్రీంకోర్టు 2009లో ఉరిశిక్ష ఖరారు చేసింది. వారిలో ముగ్గురికి హైకోర్టు యావజ్జీవంగా తగ్గించిన శిక్షను కూడా మళ్లీ ఉరిగా మార్చింది. తిరిగి విచారించినప్పుడు, దాడిలో బతికి బయటపడిన ప్రత్యక్ష సాక్షి నేరం జరిగిన కొద్ది రోజుల్లోనే పోలీసుల ఫోటో ఆల్బమ్‌లో వేరే నలుగురిని గుర్తుపట్టిందనీ, ఆ నలుగురి జోలికి దర్యాప్తు వెళ్లనే లేదనీ తేలింది. 2019 మార్చిలో అదే సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా ప్రకటించి, ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని మహారాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. వారిలో ఒకడు నేరం జరిగిన నాటికి మైనరు. మూడంచెల కోర్టుల్లో ఏ ఒక్కటీ మొదటిసారి ఆ ఆల్బమ్ సంగతి పట్టించుకోలేదంటే, అప్పీలు అనేది కింది కోర్టు ముందుకు వచ్చిన కాగితాలను మళ్లీ చదవడమే తప్ప, రాకుండా ఆగిపోయిన కాగితాలను వెతకడం కాదన్న మాట.

డబ్బున్న నిందితుడి తరఫు న్యాయవాది అలా ఆగిపోయిన కాగితాన్ని వెతికిస్తాడు, మధ్యవర్తిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలదీస్తాడు. రాజ్యాంగం 39ఎ అధికరణ ఉచిత న్యాయ సహాయాన్ని వాగ్దానం చేసినా, అరెస్టుకూ విచారణకూ మధ్య ఉన్న కీలకమైన రోజుల్లో అది పేదవాడికి అందడం కష్టం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలే. తన తరఫు సాక్షులను జైలు గోడల లోపలి నుంచి కూడగట్టుకోవడం ఎవరికైనా తలకు మించిన పనే.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టాలు కొంత మార్పు తెచ్చాయి. ఏడేళ్లు, అంతకు మించిన శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలాన్ని చూడాలని, సోదాలను, వస్తువుల స్వాధీనాన్ని వీడియో తీయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. ఇది మంచిదే. కానీ పాత 27వ సెక్షన్ భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్‌కు మినహాయింపుగా యథాతథంగా కొనసాగుతోంది. వస్తువు తవ్వి తీసిన క్షణం వీడియోలో నమోదైనంత మాత్రాన, అది అక్కడుందని ముందుగా ఎవరు ఎవరికి చెప్పారన్న ప్రశ్నకు జవాబు దొరకదు. ప్రతి పోలీస్ స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలన్న 2020 నాటి సుప్రీంకోర్టు ఆదేశం సక్రమంగా అమలైతే ఆ జవాబు దొరికే అవకాశం దీనికంటే ఎక్కువ.

విడుదలైన మనిషికి దక్కేదేమిటన్న విషయంలో చట్టం దాదాపు మౌనంగానే ఉంది. బీహార్‌లో 1968లో నిర్దోషిగా తేలి కూడా 1982 దాకా జైలులోనే ఉండిపోయిన ఖైదీ కేసులో సుప్రీంకోర్టు 1983లో మొత్తం 35,000 రూపాయలు ఇప్పించి, రాజ్యాంగబద్ధ పరిహారానికి దారి తెరిచినా, అది న్యాయమూర్తుల విచక్షణగానే మిగిలింది తప్ప బాధితుడి హక్కుగా మారలేదు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో 1979లో చేరేటప్పుడే, అక్రమ నిర్బంధానికి పరిహారం కోరే హక్కు విషయంలో భారత ప్రభుత్వం తనకు మినహాయింపు ప్రకటించుకుంది. మక్కా మసీదు పేలుళ్ల తరువాత అరెస్టయి నిర్దోషులుగా బయటపడిన హైదరాబాద్ యువకులకు నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన పరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టివేయడం, చట్టమంటూ లేకపోతే ప్రభుత్వం తలచుకున్నా ఆ సొమ్ము నిలవదని చూపింది. ఇలాంటివారికి చట్టబద్ధ పరిహారం, అందుకోసం ప్రత్యేక కోర్టులు ఉండాలని లా కమిషన్ 2018 ఆగస్టులో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. తమిళనాడుకు చెందిన ఒక ఉరిశిక్ష ఖైదీని 2025 జూలైలో విడుదల చేస్తూ, ఈ సంగతి ఆలోచించవలసింది చట్టసభలేనని సుప్రీంకోర్టు మళ్లీ గుర్తుచేసింది. లా కమిషన్ సిఫారసు వచ్చిన ఐదేళ్లకు పార్లమెంటు ప్రధాన నేర చట్టాలను తిరగరాసినా అది వాటిలో చోటు చేసుకోలేదు. తగిన కారణం లేకుండా అరెస్టు చేయించిన వ్యక్తి నుంచి మేజిస్ట్రేటు పరిహారం ఇప్పించడానికి పాత ప్రొసీజర్ కోడ్‌లో ఉన్న 358వ సెక్షన్ కొత్త సంహితలో 399గా మారింది. దాని గరిష్ఠ పరిమితి మాత్రం వెయ్యి రూపాయల దగ్గరే ఉంది.