రెండు రంగుల ఉన్ని అల్లిక

పాపఘ్ని యొడ్డున నున్న మా వేంపల్లెలో ఉన్ని తొడుగులతో పని యేమని సోదరీమణులు నవ్వవచ్చును. మార్గశిర పుష్యమాసముల తెల్లవాఱుజామున దప్ప ఇచట చలి యన్నమాటయే లేదు. అయినను నేడు పెక్కిండ్ల బిడ్డలు మంచు కురియు దేశములలో కాపురములు చేయుచున్నారు. మా చెల్లెలి పసివాడు అమెరికాలోని మిన్నెసోటాలో నున్నాడు. వానికొఱకే మేమీ యల్లికను చేపట్టితిమి.

స్కాట్లాండునకు ఉత్తరమున సముద్రమధ్యమందు ఫెయిర్ ఐల్ అను చిన్న దీవి గలదు. ఈ పని ఆ దీవి పేరనే ప్రసిద్ధి కెక్కినది. 1922లో ఎడ్వర్డు యువరాజు ఆ దీవి స్వెట్టరు తొడిగికొని గోల్ఫు ఆడుటతో లోకమంతయు దానిని కోరినది. వరుసకు రెండు రంగులకు మించరాదనుట వారి సంప్రదాయము. చూపఱకు పది రంగులు గనబడును. నిజమునకు వరుసలు మాఱినకొలది జంట మాఱుచుండును, అంతియే.

నమూనాను గళ్ల కాగితముపై గడికొక కుట్టు చొప్పున గుర్తించుకొనవలయును. చుక్కలు లెక్కించి ముగ్గు పెట్టు చేతికి ఇది కష్టము గాదు. కష్టమంతయు వెనుకవైపున నున్నది. ఒక రంగుతో అల్లునపుడు రెండవ పోగు వెనుక అడ్డముగా సాగుచుండును. జరీబుటాల చీరను తిరుగవేసి చూడుడు, అట్లే యుండును. ఆ పోగులు కాలిమెట్టెకు తగులుకొని చీర పాడగుట యెఱుగని గృహిణి యుండదు. కావున పోగు అయిదు కుట్లకు మించి సాగవలసివచ్చినచో నడుమ నొకమాఱు అల్లుచున్న పోగుతో దానిని మెలివేసి పట్టింపవలయును. బిగలాగరాదు; లాగినచో ముఖభాగము ముడుతలు పడును. రంగు మార్చుటకు ముందు సూదిపైని కుట్లను వ్రేళ్లతో పఱచినచో పోగు తగినంత వదులుగా నుండును.

మఱియొక రహస్యము. రెండు పోగులలో క్రిందుగా వచ్చునది ముఖభాగమున స్ఫుటముగా కనబడును. కావున పువ్వు రంగును ఎల్లప్పుడు క్రిందుగను, నేల రంగును పైగను నడపవలయును. నడుమ తాఱుమాఱైనచో ఆ వరుసలలో పువ్వు వెలసినట్లుండును.

రెండు రంగుల పని సాధారణముగా బిగిసివచ్చును. మా టోపికి 112 కుట్లు. అంగుళమునకు 7 పడినచో చుట్టుకొలత 16 అంగుళములు. 8 పడినచో 14 మాత్రమే. అది పసివాని తల పట్టదు. కావున ముందుగా చిన్న తునక అల్లి, తడిపి, ఆఱిన పిమ్మట కొలువవలయును. టోపిని గుండ్రని సూదిపై అల్లుదురు గనుక తునకను కూడ అట్లే అల్లుట మేలు. బిగువైనచో ఒక సంఖ్య లావైన సూదిని గ్రహింపవలయును.

ఉన్ని మాట. మన ప్రాంతపు కురుబలు నేయు కంబళి వానకు చలికి అడ్డమే గాని దాని యున్ని పసిమేనికి గరకు. అంగడిలోని మెత్తని ఉన్నిని కొనుటయే మంచిది. ఎఱుపు, తెలుపు కలుపదలచినచో ఎఱ్ఱ పోగును తడిపి తెల్లని గుడ్డలో ఒత్తి రంగు దిగునేమో ముందే చూడవలయును. అంగడివారి మాట నమ్మి యూరకుండరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది బిడ్డ సంగతి. చేతితొడుగు లోపలి పోగులలో పసివ్రేలు చిక్కుకొని బిగిసినచో రక్తము ఆడదు; బిడ్డ యేడ్చునే గాని చెప్పలేడు. అందువలన వాని చేతితొడుగులను ఒకే రంగున అల్లితిమి. రెండు రంగుల పువ్వులను టోపి యంచునకే యుంచి, లోపల మల్లుగుడ్డను అస్తరుగా కుట్టి, సంక్రాంతికి ముందే పంపితిమి.