రంగుల ఖతి

రంగుల ఖతి అనగా అక్షరాల ఆకారాలతో పాటు వాటి రంగులను కూడా తనలోనే నిలుపుకున్న కంప్యూటర్ ఖతి. ఖతిని వాడుకలో ఫాంటు అంటారు. మామూలు ఖతిలో అక్షరపు అంచురేఖ మాత్రమే ఉంటుంది. దానిని నల్లగా చూపాలా, ఎర్రగా చూపాలా అన్నది సాఫ్టువేరులో మనం ఎంచుకునే విషయం. రంగుల ఖతిలో ఒకే అక్షరానికి రెండు మూడు రంగులు, నీడలు, ఒక రంగు నుండి మరొక రంగులోకి మారే ఛాయలు, కుంచె గుర్తులు సైతం ఉండవచ్చును. మొబైల్ ఫోన్లలోని ఎమోజీలు ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. శుభాకాంక్షల పత్రాలు, స్టిక్కర్లు, టీ షర్టులు, కప్పులు, పాఠశాల గోడపత్రికలు మొదలైన వాటి రూపకల్పనలో ఈ ఖతులను వాడుతారు.

ఖతిలోని రంగులను చదవగల సాఫ్టువేరు ఉన్నచోటనే ఇది రంగుల ఖతి. లేనిచోట సాధారణంగా నల్లని అక్షరమే కనబడుతుంది. తెరపై రంగులతో కనబడిన పేరు యంత్రం దగ్గరకు వెళ్ళేసరికి నల్లబడి, కాగితమో బట్టో వృథా అయ్యేది ఈ సంగతి తెలియకపోవడం వల్లనే.

చరిత్ర

అక్షరాన్ని ఒకటి కంటే ఎక్కువ రంగులలో అచ్చువేయాలన్న కోరిక కంప్యూటర్‌తో పుట్టినది కాదు. 1457లో జర్మనీలోని మైంజ్ నగరంలో యోహాన్ ఫుస్ట్, పీటర్ షోఫర్ ముద్రించిన కీర్తనల గ్రంథంలో పెద్ద తొలి అక్షరాలు ఎరుపు, నీలం రంగులలో ఉన్నవి. 19వ శతాబ్దంలో అమెరికాలో గోడప్రకటనల కొరకు రంగుల చెక్క అక్షరాలు తయారైనవి. 1874లో కనెక్టికట్ రాష్ట్రానికి చెందిన విలియం పేజ్ సంస్థ ఇటువంటి అక్షరాల నమూనా గ్రంథాన్ని ప్రచురించింది. ఈ పద్ధతిలో ఒకే అక్షరానికి రెండు లేక అంతకంటే ఎక్కువ దిమ్మలు ఉంటాయి. ఒక్కొక్క దిమ్మకు ఒక్కొక్క రంగు సిరా పూసి, ఒకదానిపై ఒకటి అచ్చువేస్తారు. రెండు సిరాలు కలిసిన చోట మూడవ రంగు వస్తుంది.

కంప్యూటర్ రంగుల ఖతుల అభివృద్ధికి ముఖ్యకారణం ఎమోజీలు. 2008లో ఆపిల్ సంస్థ జపాన్ వినియోగదారుల కొరకు ఐఫోన్‌లో రంగుల ఎమోజీ ఖతిని ప్రవేశపెట్టింది. 2013లో మైక్రోసాఫ్ట్ విండోస్ 8.1లో పొరల పద్ధతి రంగుల ఖతిని చేర్చింది. అడోబీ సంస్థ ఫోటోషాప్ 2017 సంచికలో రంగుల ఖతులకు తోడ్పాటు కల్పించడంతో ఇవి ఎమోజీలను దాటి రూపకర్తల చేతికి అందినవి. ఇంద్రధనుస్సు జెండా రూపకర్త గిల్బర్ట్ బేకర్ 2017 మార్చిలో మరణించగా, ఆయన స్మారకంగా అదే సంవత్సరం విడుదలైన "గిల్బర్ట్" ఖతి ప్రసిద్ధి పొందింది.

రకాలు

రంగుల సమాచారాన్ని ఖతి ఫైలులో భద్రపరచడానికి నాలుగు పద్ధతులు ఉన్నవి. 2016 సెప్టెంబరులో వెలువడిన ఓపెన్‌టైప్ 1.8 నాటికి ఈ నాలుగూ ఆ ప్రమాణంలో చేరినవి.

* ఎస్‌బిఐఎక్స్: ఆపిల్ పద్ధతి. ప్రతి అక్షరం చుక్కలతో కూడిన చిన్న బొమ్మ.
* సిబిడిటి: గూగుల్ పద్ధతి. ఇది కూడా చుక్కల బొమ్మే. ఈ రెండింటినీ ఉన్న కొలత కంటే బాగా పెద్దవి చేస్తే అక్షరం మసకబారుతుంది.
* సిఓఎల్‌ఆర్: మైక్రోసాఫ్ట్ పద్ధతి. అక్షరం అనేక పొరలుగా ఉంటుంది; ఒక్కొక్క పొరకు రంగుల పట్టిక నుండి ఒక్కొక్క రంగు వస్తుంది. చెక్క దిమ్మల సూత్రం ఇదే. 2021 డిసెంబరులో వచ్చిన ఓపెన్‌టైప్ 1.9లో దీనికి ఛాయలు కూడా చేర్చారు.
* ఎస్‌విజి: అడోబీ, మొజిల్లా సంస్థల పద్ధతి. ప్రతి అక్షరం ఒక రేఖాచిత్రం. నీటిరంగుల వంటి కుంచె అక్షరాలలో చుక్కల బొమ్మలను కూడా దీనిలో ఇమిడ్చుతారు. అటువంటి ఖతుల ఫైలు చాలా పెద్దదిగా ఉంటుంది.

ఒక సాఫ్టువేరు వీటిలో ఒక రకాన్ని చదివి మరొకదాన్ని చదవకపోవచ్చును. కనుక ఖతిని ఎంచుకునే ముందు అది ఏ రకమో తెలుసుకోవాలి.

చేతిపనులలో వాడే విధానం

రంగుల ఖతితో చేసిన పనిని యంత్రానికి పంపే ముందు బొమ్మగా మార్చడం సురక్షితమైన పద్ధతి.

# రంగుల ఖతులను చదవగల సాఫ్టువేరులో కావలసిన పేరును టైపు చేయాలి. అంకెలు, విరామచిహ్నాలు ఆ ఖతిలో ఉన్నవో లేవో ముందే చూడాలి.
# తుది కొలతను నిర్ణయించాలి. ముద్రణకు అంగుళానికి 300 చుక్కలు మంచి ప్రమాణం. 4 అంగుళాల వెడల్పు గల పేరుకు 1200 చుక్కల వెడల్పు కావలెను.
# వెనుకభాగం పారదర్శకంగా ఉండేటట్లు పీఎన్‌జీ ఫైలుగా భద్రపరచాలి. జేపెగ్ ఫైలులో పారదర్శకత నిలవదు.
# అక్షరాలు సరిదిద్దడానికి వీలైన అసలు ఫైలును విడిగా దాచుకోవాలి. బొమ్మగా మారిన తరువాత అక్షరదోషం కనబడితే ఆ బొమ్మలో దిద్దడం కష్టం.

కత్తిరింపు యంత్రం అంచురేఖ వెంబడి కత్తిని నడుపుతుంది. దానికి రంగు తెలియదు. వినైల్ షీటుకు ఒకే రంగు ఉంటుంది కనుక, మూడు రంగుల అక్షరానికి మూడు షీట్లు కత్తిరించి అతికించాలి. రంగుల ఖతి అందాన్ని యథాతథంగా నిలపాలంటే ముందు ప్రింటర్‌పై ముద్రించి, తరువాత చుట్టూ కత్తిరించాలి. ముద్రణతో పాటు పడే గుర్తులను యంత్రం చదివి కత్తిని సరైన చోట నడుపుతుంది.

కప్పులు, పాలిస్టర్ బట్టలపై వేడితో రంగు ఎక్కించే సబ్లిమేషన్ పద్ధతిలో పేరును అద్దంలో చూసినట్లు తిరగవేసి ముద్రించాలి. ఈ పద్ధతిలో తెల్ల సిరా ఉండదు; అక్షరంలో తెలుపు ఉన్నచోట బట్ట రంగే కనబడుతుంది. కనుక తెల్లని లేక లేతరంగు పాలిస్టర్ బట్ట తగినది. నూలుబట్టపై రంగు సరిగా నిలవదు.

తెలుగు లిపిలో ప్రత్యేకత

ఆంగ్లంలో అక్షరాలు ఒకదాని ప్రక్కన ఒకటి నిలుస్తాయి. తెలుగులో గుణింతపు గుర్తులు పైన, వత్తులు క్రింద, ప్రక్కన చేరుతాయి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరంలోనే సకారం, తవత్తు, రవత్తు, దీర్ఘం ఉన్నవి. సాధారణంగా వత్తులను ఖతిలో విడి ఆకారాలుగా గీస్తారు. రంగుల ఖతిలో ఛాయ ఒక్కొక్క ఆకారానికి విడివిడిగా మొదలవుతుంది. అందువలన పై అక్షరంలో పసుపు నుండి ఎరుపుకు మారిన రంగు, క్రింది వత్తులో మరల పసుపుతో మొదలై, ఒకే అక్షరం రెండు ముక్కలైనట్లు కనబడగలదు. తెలుగు రంగుల ఖతిని రూపొందించేవారు వత్తుల రంగులను తలకట్టుతో కాక అక్షరపు అడుగుభాగంతో పొందించవలసి ఉంటుంది.

మామూలు యూనికోడ్ తెలుగు ఖతితోనూ ఇటువంటి ఫలితం పొందవచ్చును. పేరును రెండుసార్లు టైపు చేసి, వెనుక ప్రతికి మందమైన అంచు, ముందు ప్రతికి వేరొక రంగు ఇచ్చి ఒకదానిపై ఒకటి ఉంచాలి. ఛాయను ఒక్కొక్క అక్షరానికి కాక పేరు మొత్తానికి కలిపి ఇస్తే వత్తులు విడిపోయినట్లు కనబడవు.

ముద్రణాలయాలలో వాడే అను ఖతుల వంటి పాత పద్ధతి ఖతులలో టైపు చేసిన పాఠ్యానికి యూనికోడ్ ఖతిని పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి. ముందుగా పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి.

జాగ్రత్తలు

* తెరపై రంగు వెలుగుతో, కాగితంపై రంగు సిరాతో ఏర్పడుతుంది. తెరపై మెరిసే నీలం, ఆకుపచ్చ రంగులు కాగితంపై మందగించవచ్చును. ముందుగా చిన్న ముక్కపై ముద్రించి చూడటం మంచిది.
* రంగుల ఖతి శీర్షికలకు, పేర్లకు తగినది. పేరాలకు పేరాలు దీనితో వ్రాస్తే చదవడం కష్టం.
* ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేనివారు ఉంటారు. అక్షరానికి, వెనుక రంగుకు మధ్య వెలుగు–చీకటి తేడా తగినంత ఉండాలి.
* వెబ్ పేజీలో పేరును బొమ్మగా పెట్టినప్పుడు, అంధులు వాడే చదివిపెట్టే సాఫ్టువేరు కొరకు బొమ్మకు ప్రత్యామ్నాయ పాఠ్యం జతచేయాలి. రంగుల ఖతిలో నేరుగా వ్రాసిన పేరు పాఠ్యంగానే ఉంటుంది కనుక వెదకడానికి, చదివించడానికి వీలవుతుంది.
* అమ్మకానికి చేసే వస్తువులపై వాడే ముందు ఖతి లైసెన్సు చదవాలి. ఉచితంగా దొరికిన కొన్ని ఖతులు సొంత వాడుకకు మాత్రమే. ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు క్రింద విడుదలైన "బంగీ" వంటి ఖతులతో చేసిన వస్తువులను అమ్ముకోవచ్చును.

ఇవి కూడా చూడండి

* ఖతి
* యూనికోడ్
* ఎమోజీ
* తెలుగు లిపి