చూచినది, అనుకొన్నది

గ్రామపెద్దలారా, నా బాల్యమున మా యింట కంచుచెంబొకటి కనబడకపోయెను. ప్రొద్దెక్కకమునుపే ఊరివారు "ఎఱుకలవారి పని" యని తేల్చివేసిరి. చింతతోపులో బుట్టలల్లుకొను రెండు కుటుంబములు ఆ సాయంకాలమే గుడిసెలు విప్పుకొని వెడలిపోయినవి. నాలుగవనాడు చెంబు మా నూతిలోనే దొరకెను. ఆ సంగతి చెప్పుటకు వారి వెంట ఎవరును పోలేదు. మా తండ్రిగారును పోలేదు.

ఊరివారి యీ మాటకు ఒకప్పుడు చట్టమే అండగా నుండెను. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసి, 1911లో దానిని మద్రాసు రాజధానికిని వర్తింపజేసెను. సర్కారు ఒక జాతిని నేరస్థజాతి యని ప్రకటించినచో, ఆ ప్రకటన చెల్లునా యని విచారించు అధికారము న్యాయస్థానములకు లేదు. పట్టీలో పేరెక్కినవారు వ్రేలిముద్రలు వేయవలెను. పిలిచిన వేళకు హాజరు పలుకవలెను.

ఎఱుకలవారిలో ఉప్పు ఎఱుకలవారను శాఖ కలదు. తీరమున ఉప్పు కొని, గాడిదలమీదను ఎద్దులమీదను మెట్టసీమలకు చేర్చి ధాన్యమునకు మార్చుకొనుట వారి వ్యాపారము. ఉప్పుపై సర్కారు పెత్తనమును, పిమ్మట వచ్చిన రైలుబండియు ఆ బేరమును తుడిచిపెట్టినవి. వారి జీవనము పోయినదని వ్రాయక, దొంగతనము వారి కులవృత్తి యని అధికారులు వ్రాసిరి. ఎంత సులువైన వ్రాత!

1913లో బాపట్ల దాపున సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున వారికొక కాలనీ వెలసెను. నాటి మద్రాసు ప్రభుత్వములోని హెరాల్డ్ స్టువర్టు దొర పేర దానిని స్టువర్టుపురమనిరి. చట్టము మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31నను రద్దయినది. పేరుకు అంటిన మచ్చ రద్దు కాలేదు. 1991లో ఆ యూరిపేరు తగిలించుకొని రెండు చలనచిత్రములు వచ్చినవి. అచ్చట పొలము దున్నువాడును, బడిపిల్లవాడును పరాయిచోట తన ఊరు చెప్పుటకు జంకవలసివచ్చెను.

నేడును ఊర దొంగతనము జరిగినచో ఠాణాకు కబురు చేయునది తఱచు తమవంటి పెద్దలే. చెప్పినదానిని వ్రాసికొని, చదివి వినిపించి, సంతకము తీసికొని, ప్రతి నొకదానిని ఉచితముగా ఈయవలెనని చట్టము. 2024 జూలై 1న అమలునకు వచ్చిన క్రొత్త చట్టములోను ఇదియే యున్నది. చదువునపుడు చెవియొగ్గి వినుడు. గడియ విఱిగియుండుట తాము చూచినది. "వారు గాక మఱెవరు" అనునది తాము అనుకొన్నది. తాము చూడనిది చూచినట్లు వ్రాసియున్నచో, సంతకమునకు ముందే దిద్దుమని అడుగుడు.