కవాటం మార్చే ముందు కంచం సంగతి



గుండ్లపోచంపల్లి అపారెల్ పార్కులో మిషను కుట్టే ఒక చెల్లెల్ని ఊహించుకుందాం. చిన్నప్పుడు గొంతునొప్పి, దాని వెనుకే కీళ్ల వాపులు వచ్చి తగ్గాయి. ఎవరూ పట్టించుకోలేదు. ముప్పై ఏళ్లకు మెట్లెక్కితే ఆయాసం. ఎకో పరీక్షలో మైట్రల్ కవాటం ఇరుకైందని తేలింది. ఆనాటి రుమాటిక్ జ్వరం చేసిన పని అది. ఆపరేషన్‌కు నెల తర్వాత తేదీ ఇచ్చారు. ఇంట్లో అత్తమ్మ అంటుంది: "గుండె జబ్బు మనిషివి బిడ్డా, పలచగా గంజి తాగు. గుడ్డు, కూర ముట్టకు."

ప్రేమతో అనే మాటే. కానీ నెలంతా గంజి మీద గడిపితే ఆమె ఆపరేషన్ బల్ల మీదికి సత్తువ లేకుండా చేరుతుంది.

అసలే ఈ జబ్బు ఆకలిని చంపుతుంది. గుండె కుడివైపు కూడా అలసిపోతే కాలేయం, పేగులు ఉబ్బి రెండు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. నమలడానికీ ఆయాసమే. పైగా తూకం మోసం చేస్తుంది. కండ కరిగినా ఒంట్లో చేరిన నీరు ఆ బరువును పూడ్చేస్తుంది. నీరు దిగే మాత్రలు వేశాకగానీ అసలు మనిషి కనబడదు. అందుకే తూకంతోపాటు, ఆరు నెలల కిందటి జాకెట్టు చేతుల దగ్గర వదులైందా అని కూడా అడుగుతాం.

ఆపరేషన్‌లో రొమ్ము ఎముకను కోసి, తీగలతో బిగిస్తారు. అది అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పుండు మానాలన్నా, దగ్గి కఫం బయటికి తేవాలన్నా మాంసకృత్తులు కావాలి. రక్తహీనత ఉంటే రక్తం ఎక్కించే అవసరం పెరుగుతుంది. పోషణ బాగా తగ్గినవారికి ఆపరేషన్ వాయిదా వేసైనా ముందు 7 నుంచి 14 రోజులు పోషణ ఇవ్వాలని యూరప్ పోషణ నిపుణుల సంఘం సూచించింది. అత్యవసరమైతే మాత్రం ఆగకూడదు.

45 కిలోల మనిషికి రోజుకు సుమారు 55 నుంచి 65 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో అంతే, కప్పు గట్టి పప్పులో ఏడెనిమిది, గుప్పెడు మీల్‌మేకర్‌లో 15 వరకు. ఒకేసారి కాదు, ఆరుసార్లు కొంచెం కొంచెంగా తినాలి. చాలా రోజులు సరిగా తిననివారికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టడమూ ప్రమాదమే. కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క డాక్టరు చెప్పాలి. ఉప్పు తగ్గించాలి, పచ్చడి, అప్పడం మానాలి. చప్పగా ఉందని కంచం తోసేయకుండా నిమ్మరసం, జీలకర్ర, కొత్తిమీర వాడండి. ఐరన్ మాత్రను చాయ్‌తో మింగకండి.

ఖరీదైన పొడి డబ్బాలు అందరికీ అవసరం లేదు. నిజంగా తినలేనివారికే అవి మేలు. ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు భరిస్తుంది కానీ ముందు నెల గుడ్లు, పాల ఖర్చు ఇంటి మీదే పడుతుంది. ఆ డబ్బు డబ్బాకు పోకూడదు. వెల్లుల్లి గుళికలు, చేపనూనె, నాటు మందులు ఏవి వాడుతున్నా సర్జనుకు ముందే చెప్పండి. కొన్నింటితో రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. పుచ్చిన పళ్లు కూడా ముందే చూపించుకోండి. వాటి నుంచి క్రిములు కొత్త కవాటానికి చేరతాయి.

లోహపు కవాటం వేస్తే రక్తం పలచన చేసే మాత్ర జీవితాంతం వాడాలి. అప్పుడు గోంగూర, పాలకూర మానక్కర్లేదు. ఒక వారం రోజూ తిని, మరో వారం అసలు తినకపోతేనే ఐఎన్ఆర్ పరీక్ష తారుమారవుతుంది. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే ఆ రెండుసార్లే తినండి.