జంధ్యం వద్దన్న గురువు, గ్రంథంలో సాలె కబీరు

శ్రావణ పౌర్ణమినాడు కుంఠా నాకా వంటి నేత పేటల్లో పద్మశాలీలు కొత్త జంధ్యాలు వేసుకుంటారు. ఆ రోజే షోలాపురంలో మార్కండేయుని రథం ఊరేగుతుంది. నూలుతో బతికేవారికి ఆ పోగు గౌరవ చిహ్నం. సిక్కు మతాన్ని అర్థం చేసుకోదలచిన మన విద్యార్థులు ఆ పోగు దగ్గరే మొదలుపెట్టవచ్చు.

గురు నానక్ (1469–1539) చిన్నతనంలో జంధ్యం వేసుకోనన్నాడని సిక్కుల సంప్రదాయం చెబుతుంది. పత్తి పోగు ఎప్పటికైనా మాసిపోతుంది, తెగిపోతుంది. మనిషికి కావలసింది సద్గుణాలతో పేనిన పోగు అని ఆయన వాదం. మగ్గం మీద బతికేవారికి ఈ మాట కొంచెం గుచ్చుకోవచ్చు. అయితే ఆయన కాదన్నది నేతపనిని కాదు. నామస్మరణ, ఉన్నదాన్ని పంచుకొని తినడం, కష్టార్జితంతో బతకడం, ఈ మూడూ సిక్కుకు విధులు. సన్యాసానికి ఇందులో స్థానం లేదు. సంసారంలో ఉంటూనే ముక్తి పొందాలి.

దేవుడు ఒక్కడే, రూపం లేనివాడు, పుట్టుక లేనివాడు అన్నది మూల విశ్వాసం. కనుక విగ్రహారాధన లేదు, దేవుడు అవతారమెత్తుతాడన్న నమ్మకమూ లేదు. ఇంతవరకు వింటే ఇస్లాంకు దగ్గరగా తోస్తుంది. కాని కర్మను, పునర్జన్మను సిక్కులు అంగీకరిస్తారు; ఉపవాసాలను, తీర్థయాత్రలను ముక్తిమార్గంగా ఒప్పుకోరు. అందువల్ల ‘రెండు మతాల కలయిక’ అన్న పాఠ్యపుస్తకాల మాట నాకు సరిపోయినట్టు అనిపించదు.

ఈ మతం ప్రత్యేకత దాని గ్రంథంలో బాగా తెలుస్తుంది. ఐదవ గురువు అర్జున్ దేవ్ 1604లో ఆది గ్రంథాన్ని కూర్చాడు. అందులో గురువుల రచనలతోపాటు ఇతరుల పదాలనూ చేర్చాడు. వారిలో కాశీ సాలెవాడు కబీరు, తోలుపని చేసిన రవిదాసు, ముస్లిం సూఫీ షేక్ ఫరీదు ఉన్నారు. మన జిల్లాలోని పండరీపురం విఠోబా భక్తుడు, దర్జీ కులస్థుడు నామదేవుని పదాలు 61 ఉన్నాయి. విగ్రహాన్ని కాదన్న గ్రంథంలోనే ఆయన నోట విఠలుని పేరు వినిపిస్తుంది. నామదేవుడు చాలాకాలం పంజాబులోని ఘుమాన్‌లో ఉన్నాడంటారు. 2015లో అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనం ఆ ఊళ్లోనే జరిగింది. మరో మతానికి, మరో కులానికి చెందినవారి మాటలను తమ గురువుల మాటలతో సమానంగా పవిత్ర గ్రంథంలో చేర్చుకున్న మతాలు అరుదు.

1699లో పదవ గురువు గోవింద్ సింగ్ ఆనందపురంలో ఖాల్సాను స్థాపించాడు. తల ఇవ్వడానికి ముందుకొచ్చిన ఐదుగురిలో ఒకడు బీదరుకు చెందిన క్షురకుడు సాహిబ్ చంద్. ఐదుగురూ ఒకే పాత్రలోని అమృతం తాగారు. తరువాత గురువే వారి చేత దీక్ష తీసుకున్నాడు. కత్తిరించని జుట్టు, దువ్వెన, ఇనుప కడియం, పొట్టి లాగు, కృపాణం దీక్ష పొందినవారి చిహ్నాలు. జంధ్యం కొన్ని వర్ణాలకే పరిమితం. ఈ చిహ్నాలు కులంతో నిమిత్తం లేకుండా స్త్రీపురుషులందరివీ. అంతమాత్రాన ఆచరణలో కులం పోయిందనలేము. సిక్కు దళితులందరినీ షెడ్యూల్డు కులాల జాబితాలోకి తీసుకోవలసి వచ్చిందంటే (1956) కారణం అదే.

‘సిక్కులు హిందువులే కదా’ అనే ప్రశ్న తరచు వినబడుతుంది. 1955 హిందూ వివాహ చట్టం వారికీ వర్తిస్తుంది. రాజ్యాంగం 25వ అధికరణ వివరణ కూడా ఆలయ ప్రవేశం వంటి సంస్కరణల విషయంలో ‘హిందువులు’ అన్న మాటలో వారిని చేర్చింది. మరోపక్క 1909 నుంచి వారి ఆనంద్ వివాహానికి వేరే చట్టం ఉంది. 1993లో ప్రభుత్వం వారిని అల్పసంఖ్యాక మతస్థులుగా ప్రకటించింది. చట్టం ఒక్కో అవసరానికి ఒక్కో గీత గీసింది. విశ్వాసాన్ని ఆ గీతలతో కొలవరాదు.

దగ్గరలో చూడదలచినవారికి నాందేడు ఉంది. 1708లో గోవింద్ సింగ్ అక్కడే కన్నుమూశాడు. తన తరువాత మనిషి గురువు ఉండడని, గ్రంథమే గురువని ప్రకటించాడు. గ్రంథానికి చాందినీ కట్టి, వింజామర వీయడం చూసి ఇదీ విగ్రహపూజే కదా అనుకునేవారున్నారు. వారు తలవంచేది కాగితానికి కాదు, అందులోని వాక్కుకు అని సిక్కుల సమాధానం. అక్కడ దీపాలతో హారతి ఉంది, గోవింద్ సింగ్ పేర ఉన్న దశమ గ్రంథాన్నీ పక్కన ఉంచుతారు. పంజాబులో సాధారణంగా కనిపించని ఆచారాలివి. లోపలికి ఎవరైనా వెళ్లవచ్చు. తల కప్పుకోవాలి, చెప్పులు విడవాలి, లంగరులో పక్కన కూర్చున్నవారి కులం అడగకుండా నేలమీద పంక్తిలో భోంచేయాలి.