దాడి ఆట ముగింపు దశ: కమాండ్ లైన్ ప్రోగ్రామ్‌తో సాధన

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఆట ముగింపును వెనుక నుంచి ముందుకు విశ్లేషించే పద్ధతిని వివరించగలుగుతారు;
• దాడి ఆటలోని ఒక స్థితిని కంప్యూటర్‌కు అంకెల రూపంలో ఇవ్వగలుగుతారు;
• నియమం మారితే ఫలితం ఎందుకు మారుతుందో ఉదాహరణతో చెప్పగలుగుతారు.

1. పరిచయం

దాడి ఆట మీలో చాలామందికి తెలిసినదే. ఒకదానిలో ఒకటిగా మూడు చదరాలు గీసి, వాటి భుజాల మధ్య బిందువులను కలిపితే 24 బిందువుల పటం వస్తుంది. ఇద్దరికీ తొమ్మిదేసి కాయలు. ఒకే గీత మీద మూడు కాయలు పేర్చినవారు దాడి కట్టినట్టు. ఎదుటివారి కాయ ఒకటి తీసివేస్తారు. రెండు కాయలే మిగిలినవారు ఓడిపోతారు. ఇదే ఆట యూరప్‌లోనూ శతాబ్దాలుగా ఉంది.

ఆట చివరికి వచ్చి ఇద్దరికీ మూడేసి కాయలు మిగిలినప్పుడు, ‘ఇక్కడి నుంచి ఎవరు గెలుస్తారు?’ అన్న ప్రశ్న వస్తుంది. అనుభవజ్ఞుడు ఊహించి చెబుతాడు. ఊహతో పని లేకుండా కచ్చితంగా చెప్పవచ్చునా? చెప్పవచ్చు.

2. వెనుక నుంచి లెక్క

ముందు ఒక చిన్న ఆట చూద్దాం. ఒక కుప్పలో చింతగింజలు ఉన్నాయి. వంతు వచ్చినవారు ఒకటి గాని రెండు గాని తీయాలి. చివరి గింజ తీసినవారిదే గెలుపు.

గింజలు 0 ఉంటే వంతు వచ్చినవారు ఓడినట్టే. చివరి గింజ ఎదుటివారు తీసేశారు. 1 లేదా 2 ఉంటే అన్నీ తీసి గెలుస్తారు. 3 ఉంటే ఏం తీసినా ఎదుటివారికి 2 గాని 1 గాని మిగులుతాయి, కాబట్టి ఓటమి. ఇలాగే 4, 5 గెలుపు, 6 ఓటమి. ఇందులో రెండు సూత్రాలు ఉన్నాయి:

(అ) ఒక్క ఎత్తయినా ఎదుటివారిని ఓటమి స్థితిలోకి నెడితే, ఆ స్థితి గెలుపు.
(ఆ) ప్రతి ఎత్తూ ఎదుటివారికి గెలుపునే ఇస్తే, ఆ స్థితి ఓటమి.

దాడి ఆటకూ ఇవే సూత్రాలు. అయితే ఒక తేడా ఉంది. గింజలు తగ్గుతూనే ఉంటాయి. కాయలు మాత్రం వెనక్కూ ముందుకూ తిరుగుతూ ఉండవచ్చు. అందువల్ల మొదటి నుంచి ప్రతి దారినీ చివరిదాకా వెతుకుతూ పోతే ఆ వెతుకులాట ఒకేచోట గుండ్రంగా తిరగవచ్చు. ముగిసిన స్థితుల నుంచి వెనక్కి వస్తే ఈ చిక్కు లేదు. రెండు సూత్రాలనూ మళ్ళీమళ్ళీ వర్తింపజేసి, కొత్త గుర్తు ఏదీ పడనప్పుడు ఆపుతాం. అప్పటికీ గుర్తు పడని స్థితులన్నీ ‘సమం’.

3. ఎన్ని స్థితులు?

24 బిందువులలో మొదటివారి మూడు కాయలను 2,024 విధాలుగా ఉంచవచ్చు. మిగిలిన 21లో రెండవవారి మూడింటిని 1,330 విధాలుగా ఉంచవచ్చు. ఈ రెండింటి లబ్ధం 26,91,920. వంతు ఎవరిదన్నది కూడా కలిపితే 53,83,840. ఒక్కో స్థితికి ఒక బైట్ కేటాయిస్తే సుమారు 5.4 మెగాబైట్లు. పాత కంప్యూటర్ కూడా దీన్ని సులభంగా మోయగలదు. ఇంటర్నెట్ అవసరం లేదు.

4. ప్రోగ్రామ్‌ను వాడడం

కమాండ్ లైన్ ప్రోగ్రామ్‌కు బొమ్మలు, బటన్లు ఉండవు. ప్రోగ్రామ్ పేరు, దాని పక్కన మన ప్రశ్న టైపు చేస్తే జవాబు కింది వరుసలో వస్తుంది. మీరు సి భాషలోగాని పైథాన్‌లోగాని రాసే ప్రోగ్రామ్ కోసం ఈ పద్ధతి పాటించండి.

పై ఎడమ మూల నుంచి గడియారం ముల్లు తిరిగే దిశలో బయటి చదరానికి 1–8, మధ్య చదరానికి 9–16, లోపలి చదరానికి 17–24 సంఖ్యలు ఇవ్వండి. ఖాళీకి 0, మొదటివారి కాయకు 1, రెండవవారి కాయకు 2 రాయండి. చివర వంతు ఎవరిదో చెప్పే అంకె ఉండాలి. ఉదాహరణకు:

11002000 00201000 00020000 1

మొదటివారి కాయలు 1, 2, 13 మీద, రెండవవారివి 5, 11, 20 మీద ఉన్నాయి. వంతు మొదటివారిది. ప్రోగ్రామ్ ఇవ్వవలసిన జవాబు: ‘గెలుపు; 1 ఎత్తు; 13 నుంచి 3’. 1-2-3 గీత మీద దాడి కట్టి ఒక కాయ తీస్తే ఎదుటివారికి రెండే మిగులుతాయి.

5. నియమమే ప్రాణం

పై జవాబులో ఒక నియమం దాగి ఉంది: మూడు కాయలే మిగిలినవారు ఏ ఖాళీ బిందువుకైనా ఎగరవచ్చు. ఎగరడం లేకపోతే 13 మీది కాయ పక్కనున్న 12కు గాని 14కు గాని మాత్రమే జరగగలదు. అప్పుడు అదే స్థితిలో ఒక్క ఎత్తులో గెలుపు లేదు. పటం మారలేదు, కాయలు మారలేదు, జవాబు మారింది.

కాబట్టి ప్రోగ్రామ్ రాయకముందే మీ ఊరి నియమాలు రాసుకోండి. మూడు కాయలతో ఎగరవచ్చా? దాడిలో ఉన్న కాయను తీయవచ్చా? మూలలను కలిపే గీతలు ఉన్నాయా? పామూరులో ఒక తీరు, గిద్దలూరులో మరో తీరు ఉంటే రెండూ సరైన ఆటలే. కానీ రెండు వేర్వేరు పట్టికలు కావాలి. రాసుకోని నియమం మీద వచ్చిన జవాబు ఎంత వేగంగా వచ్చినా నమ్మదగినది కాదు.

6. పూర్తి ఆట

4–3 స్థితిలో నాలుగు కాయలవారు ఒక కాయ పోగొట్టుకుంటే 3–3 వస్తుంది. అందువల్ల ముందు 3–3, తరువాత 4–3, ఇలా 9–9 వరకు మొత్తం 28 పట్టికలు కట్టాలి. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ గాసర్ ఈ పని చేశారు. ఒకేలాంటి స్థితులను ఒక్కటిగా లెక్కించినా అవి సుమారు 767 కోట్లు. కాయలు పేర్చే మొదటి దశను ముందు నుంచి వెతికి, ఈ పట్టికలతో కలిపారు. ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే ఆట సమంగా ముగుస్తుందని 1993లో తేలింది. ఆయన తీసుకున్న నియమాలలో ఎగరడం ఉంది. మీ ఊరి ఆటలో అది లేకపోతే ఈ ఫలితాన్ని నేరుగా అన్వయించకూడదు.

7. సారాంశం

ముగిసిన స్థితులతో మొదలుపెట్టి రెండు సూత్రాలతో వెనక్కి వస్తే ప్రతి స్థితికీ గెలుపు, ఓటమి, సమం అన్న గుర్తు పడుతుంది. ఆ గుర్తు మనం ఇచ్చిన నియమాలకు మాత్రమే కట్టుబడి ఉంటుంది.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చింతగింజల ఆటలో ఒకటి, రెండు లేదా మూడు గింజలు తీయవచ్చునంటే 8 గింజల స్థితి ఏమిటి?
2. నాలుగో విభాగంలోని స్థితిలో వంతు రెండవవారిదైతే, వారు ఏ బిందువుకు తప్పక ఎగరాలి? ఎందుకు?
3. మీ ఊరి పెద్దలను అడిగి దాడి ఆట నియమాలను పది వాక్యాలలో రాయండి. 3–3 పట్టికను మార్చే నియమాలు ఏవో గుర్తించండి.

జవాబులు: 1. ఓటమి. 2. బిందువు 3, లేకపోతే మొదటివారు తరువాతి ఎత్తులోనే దాడి కట్టి గెలుస్తారు.